నోటిపూచీ – వ్రాతపూచీ



ఆశ్వయుజమాసము వచ్చినదనగా మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల గృహిణులకు ఒక కన్ను దసరా పనులపై, ఒక కన్ను ఆకాశముపై నుండును. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమువద్ద తీరమును దాటినది. 2018 అక్టోబరు 11వ తేదీని తెల్లవాఱుజామున తిత్లీ తుఫాను పలాస చెంత తీరమును దాటి, గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగమున వీచి, ఉద్దానపు కొబ్బరితోటలను నేలగూల్చినది. ఆ రాత్రి తలుపునకు వీపు నానించి కూర్చుండి, కప్పుమీది రేకు టపటప కొట్టుకొనుచుండగా దైవమును తలచుకొన్న తల్లులు మన పాఠకురాండ్రలో నెందఱో యుందురు.

ఆ తుఫానుల పిమ్మట మన వైపున చాల కుటుంబములు ఇంటికప్పులను బాగుచేయించుకొన్నవి. కొందఱు పెంకులు దింపి రంగురేకులు వేయించిరి. కొందఱు డాబాలపై చెమ్మ దిగకుండ పూతలు పూయించిరి. ఇటీవల సోలారు పలకలును డాబాలమీది కెక్కుచున్నవి. ఈ పనులతోపాటు ఒక మాటయు మన గుమ్మములలోనికి వచ్చినది. "పదేండ్ల గ్యారంటీ", "ఇరువదియైదేండ్ల వారంటీ", "జీవితాంతము మాదే పూచీ" యను నదే యా మాట. బియ్యములో రాళ్లేరుట యెఱిగిన మనము, బంగారమును గీటి చూచుకొను మనము, వేలకొలది రూపాయలు పోసి కొను నీ మాటను మాత్రము గీటి చూడకయే పుచ్చుకొనుచున్నాము. ఆ పొరపాటు మేమును చేసితిమి. దాని వెల చెల్లించిన పిదప తెలిసికొన్న సంగతులను మీతో చెప్పికొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా యింటి కథ

మాది మామగారి నాటి డాబాయిల్లు. మావారు ఉపాధ్యాయులు. తిత్లీ వచ్చిన యేడు అత్తగారి గదిలో కప్పు చెమ్మగిల్లి, ఆమె మంచముపై బొట్టుబొట్టుగా నీరు రాలినది. పుస్తకముల బీరువాలోనికిని చెమ్మ పాకినది. మఱుసటి యేడు, అనగా 2019 వేసవిలో, చీటీ పాడిన సొమ్ములో 48 వేల రూపాయలు తీసి డాబాపై పూత వేయించితిమి. పని కుదుర్చుకొన వచ్చిన వర్తకుడు మంచి మాటకారి. "అమ్మగారూ! పదేళ్లదాకా మీరు డాబాకేసి చూడక్కర్లేదు. ఒక్క చుక్క కారితే నన్నడగండి" అనెను. ఆ మాటకు మేము పొంగిపోయి కాఫీ యిచ్చి పంపితిమి.

అదే వారములో, అదే వర్తకుని చేత, అదే మందుతో, అదే కూలివాండ్ర చేత పొరుగింటి పిన్నిగారును తమ డాబాకు పూత వేయించిరి. ఆమె పెద్దగా చదువుకొన్నవారు కారు. డబ్బు లెక్కించి చేతిలో పట్టుకొని, "నాయనా! నువ్వు చెప్పిన ఆ పదేళ్ల మాట ఈ బిల్లుమీద రాసి సంతకం పెట్టు. నాకు మతిమరుపు, ఎల్లుండికి మరిచిపోతాను" అనిరి. అతడు నవ్వి నాలుగు పంక్తులు వ్రాసి, సంతకము చేసి, ముద్ర వేసెను. ఆమె ఆలోచన మాకు నప్పుడు కొంత చాదస్తముగను, కొంత మర్యాద తక్కువగను తోచినది. "పెద్దమనిషి మాటకు కాగిత మెందు"కని మావారును అనిరి.

నాలుగవ వానకాలమున, 2022 శ్రావణమాసములో, రెండిండ్లును కారినవి. పిన్నిగారు ఆ బిల్లునకు నకలు తీయించి, దానికి జతగా నొక యుత్తరము వ్రాయించి పంపిరి. వినియోగదారుల ఫోను నెంబరునకును ఫిర్యాదు చెప్పిరి. నెల తిరుగకముందే మనుష్యులు వచ్చి, పాత పూత గీకి, క్రొత్త పూత వేసి, నీరు నిలిపి చూపించి పోయిరి. ఆమెకు దమ్మిడీ ఖర్చు కాలేదు.

మా విషయమున నట్లు జరుగలేదు. "నేను చెప్పింది మందుకమ్మా, పనికి కాదు" అని వర్తకుడనెను. మందు తయారుచేసిన కంపెనీకి వ్రాసితిమి. "మా సరకునందు దోషము లేదు, గచ్చును సరిగా శుభ్రము చేయక పూసిరి, పనికి మా పూచీ లేదు" అని వారు బదులు వ్రాసిరి. పనిచేసిన కూలివాండ్రు వలస పోయి యే యూరనున్నారో తెలియదు. రెంటికి చెడ్డ రేవడివలె నైతిమి. వర్తకుడు "పండుగ వెళ్లాక చూద్దాం, ఎండలు ముదిరాక చూద్దాం" అని త్రిప్పుచుండగా, మొగమోటము చేత రెండేండ్లు గడపితిమి. చట్టమునకు గడువున్నదని తెలిసికొనునప్పటికి ఆ గడువు దాటిపోయినది. 2025 వేసవిలో మఱల 61 వేలు పోసి పని చేయించుకొంటిమి. రెండిండ్లకును గల భేద మెంత? నాలుగు పంక్తులు, ఒక సంతకము.

శకుంతల చెప్పిన పాఠము

చిన్నతనమున మా నాయనగారు ఆదిపర్వము చెప్పునపుడు శకుంతలోపాఖ్యానము మాకు మిక్కిలి యిష్టముగ నుండెడిది. ఇప్పుడది వేఱు రీతిగా నర్థమగుచున్నది. కణ్వాశ్రమమున దుష్యంతుడు మాట యిచ్చెను. మూడవ మనిషి లేడు. బిడ్డను వెంటబెట్టుకొని ఆమె సభకు వచ్చినపుడు ఎఱుగనని యనెను. భారతములో నాకాశవాణి పలికి ఆమె మాటను నిలిపినది. కాళిదాసు తన నాటకములో నాకాశవాణికి మాఱుగా నుంగరమును కల్పించెను. ఆనవాలైన యుంగరము నీట జాఱిపోయినంత కాలము ఆమె సత్యమునకు విలువ లేకపోయెను. జాలరికి చేపకడుపులో నది దొరికిన పిమ్మటనే రాజునకు జ్ఞప్తి వచ్చెను.

మన డాబాపూతల కొఱకు ఆకాశవాణి పలుకదు. మనకు మిగిలిన యుంగరము బిల్లు. దానిని చేయించుకొనుటయు, నీట జాఱవిడువకుండుటయు మన పని.

ప్రగల్భము వేఱు, వాగ్దానము వేఱు

వర్తకుడు పలికిన ప్రతిమాటయు పూచీ కాదు. "మా రంగు వేసిన యిల్లు రాజభవనమే" యనుట ప్రగల్భము. దానిని పట్టుకొని న్యాయస్థానమునకు పోజాలము. "ఈ పూత పదేండ్లు నీరు దిగనీయదు" అనుట వాగ్దానము. అందు కాలమున్నది, కొలతయున్నది, తప్పినదో లేదో చూచి చెప్పవచ్చును.

ఈ భేదమును లోకమునకు చాటినది ఒక గృహిణియే. ఇంగ్లండునందు 1891లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరములు ప్రబలియుండగా, కార్బాలిక్ స్మోక్ బాల్ అను మందుబంతిని విక్రయించు కంపెనీ పత్రికలలో నొక ప్రకటన వేసెను. తాము చెప్పిన చొప్పున దినమునకు మూడుమార్లు రెండు వారములు ఆ బంతిని వాడినవారికి ఇన్‌ఫ్లుయెంజా వచ్చినచో 100 పౌనులు బహుమాన మిత్తుమనియు, తమ మాట నిజమనుటకు బ్యాంకులో 1,000 పౌనులు వేసి యుంచితిమనియు నందు వ్రాసిరి. లూయిసా కార్లిల్ అను నామె బంతిని కొని, చెప్పిన ప్రకారము వాడెను. 1892 జనవరిలో ఆమెకు జ్వరము రానే వచ్చినది. సొమ్మడుగగా కంపెనీవారు, అది వట్టి ప్రకటనపు మాటయే కాని వాగ్దానము కాదనిరి. ఆమె వ్యాజ్యము వేసెను. బ్యాంకులో సొమ్ము వేసి మఱి చెప్పిన మాట ప్రగల్భ మెట్లగునని యడిగి, అప్పీలు న్యాయస్థానమువారు 1892 డిసెంబరులో ఆమె పక్షముననే తీర్పు చెప్పిరి. నేటికిని న్యాయశాస్త్రము చదువు విద్యార్థులు మొదట నేర్చు వ్యాజ్యములలో నిది యొకటి. ఆమె గెలుపునకు మూలము ఆ వాగ్దానము పత్రికలో నచ్చుపడి యుండుట.

పూచీ యెవరిది?

బజారులో గ్యారంటీ యనగా పాడైనచో వస్తువునే మార్చి యిచ్చుట యనియు, వారంటీ యనగా బాగుచేసి యిచ్చుట యనియు వాడుక. ఇది వాడుకయే కాని చట్టపు నిర్ణయము కాదు. పత్రముపై పెద్దయక్షరములతో నే పేరున్నను, లోపల నేమి చేయుదుమని వ్రాసిరో యదియే లెక్క.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న, పూచీ పడినవా రెవరనునది. ఇంటిపనిలో మువ్వురుందురు: సరకు చేసిన కంపెనీ, అమ్మిన వర్తకుడు, పని చేసిన మేస్త్రీ. కంపెనీ పత్రము డబ్బాలోని సరకు వఱకే చెల్లును. వర్తకుడు కంపెనీని చూపును. మేస్త్రీ చేత పత్రమే యుండదు. అయితే ఇంటికప్పు కారుటకు కారణము చాలమార్లు సరకు కాదు, పని. గచ్చు మీది నాచు గీకకుండుట, పగుళ్లు పూడ్చకుండుట, పిట్టగోడ మొదట గుండ్రని మూల చేయకుండుట, నీటిగొట్టముల వైపు వాలు లేకుండుట మొదలగునవి దీనికి కారణములు. కాబట్టి సరకునకు పూచీ యుండి పనికి లేకపోయినచో, తలుపునకు తాళము వేసి గోడకు కన్నము విడిచినట్లే యగును. "సరకునకు, కూలికి రెండింటికిని పూచీ" యను మాట వ్రాతలో నుండవలెను.

చిన్నయక్షరముల పెద్ద సంగతులు

పూచీపత్రములు చాల వఱకు ఇంగ్లీషులో, చీమతలకాయలంత యక్షరములతో నుండును. పెద్దతరగతుల పిల్లవాని చేత చదివించి, తెలుగున చెప్పించుకొనుటకు సిగ్గుపడవలదు. వానిలో తఱచుగా కనబడు షరతులు కొన్ని చెప్పెదము.

రంగురేకుల పత్రములలో చాలవానియందు సముద్రమునకు ఇంత దూరములోపల నున్న యిండ్లకు ఈ పూచీ చెల్లదనియో, తక్కువ యేండ్లే చెల్లుననియో యుండును. ఉప్పుగాలికి ఇనుము త్వరగా త్రుప్పు పట్టుటయే దీనికి కారణము. కళింగపట్టణము, భావనపాడు, భీమునిపట్టణము వైపుల నున్నవారు ఇది చూడక కొన్నచో, మొదటి దినముననే పూచీ లేని రేకు కొన్నట్లు. రేకును తిరుగుడు రాతితో కోసినచో అంచున పూత మాడి, త్రుప్పు అచ్చటనే మొదలగును. కంపెనీ చెప్పిన మరలు, వాషర్లు కాక చౌకవి బిగించినచో మర చుట్టును మచ్చ పడును. ఈ రెండును పూచీ తప్పించుకొనుటకు మంచి సాకులు. మేస్త్రీ నిచ్చెన యెక్కకముందే యీ సంగతి యాతనికి చెప్పవలెను.

తుఫాను వలన కలిగిన నష్టము పూచీలో దాదాపు ఎక్కడను చేరదు. పూచీ వేఱు, భీమా వేఱు. గాలివానకు, వరదకు పనికివచ్చునది గృహభీమా. 2021 ఏప్రిల్ 1వ తేదీ మొదలు సాధారణ భీమా కంపెనీలన్నియు "భారత్ గృహరక్ష" యను నొకే తీరు పాలసీ యిచ్చుచున్నవి. అందు తుఫాను, వరద మొదలగు వైపరీత్యములు చేరియున్నవి. రేకుల పదేండ్ల పత్రమును చూచి భీమా మానుకొన్నవారు, గొడుగున్నదని పాదరక్షలు విడిచినవారివంటివారు.

నీటిమోటారు పత్రములలో విద్యుత్తు హెచ్చుతగ్గుల వలన తీగచుట్టు కాలినచో పూచీ లేదని యుండుట కలదు. మన పల్లెలలో మోటారులు కాలుట తఱచుగా నందువలననే. నీరు శుద్ధిచేయు యంత్రములలో వడపోతలు, పొరలు "అరిగిపోవు సామాను"గా నెంచబడి, పూచీ నుండి తీసివేయబడును. ఖర్చంతయు నుండునది వానియందే. కొనుటకు ముందు, "ఏడాదికి వడపోతల వెల యెంత?" అని యడుగుడు.

సోలారు పలకలను గూర్చి యిరువదియైదేండ్ల మాట వినబడుచుండును. అది సామాన్యముగా పలక యిచ్చు విద్యుత్తును గూర్చిన మాట. ఇరువదియైదవ యేట మొదటి శక్తిలో నూటికి ఎనుబది పాళ్లకు తగ్గకుండ నిచ్చునని చాల కంపెనీలు పూచీపడును. ఇన్వర్టరునకు వేఱు పూచీ, అది చాల తక్కువ యేండ్లు. ఇనుప చట్రమునకు, తీగలకు, బిగించిన పనికి మఱియొకటి. 2024లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పి.యం. సూర్యఘర్ పథకమున రెండు కిలోవాట్ల వఱకు కిలోవాటునకు 30 వేల రూపాయల చొప్పునను, మూడు కిలోవాట్లు గాని యంతకు మించి గాని యున్న యెడల మొత్తము 78 వేల రూపాయలును సహాయము లభించును. అయితే పట్టికలో నమోదైన వర్తకుని చేతనే పని చేయించుకొనవలెను. ఇంటికి వచ్చి "ప్రభుత్వమువారు పంపిరి" అని చెప్పు ప్రతివానిని నమ్మక, తూర్పు విద్యుత్పంపిణీ సంస్థవారి కార్యాలయమున నతని పేరు కలదో లేదో విచారించుట మేలు.

కొన్ని పత్రములలో పూచీ విలువ యేటేట తఱుగుచుండును. పదేండ్ల పూచీ గల 20 వేల రూపాయల సరకు ఎనిమిదేండ్లు నిండిన పిదప పాడైనచో, మిగిలిన రెండేండ్లకు 4 వేలు మాత్రమే యిత్తురు. మార్చి యిచ్చిన వస్తువునకు పూచీ క్రొత్తగా మొదలు కాక పాతగడువే సాగుటయు కలదు. ఇక "జీవితాంతపు పూచీ" యన్నచోట, ఆ జీవితము ఎవరిదని యడుగవలెను. కొన్నవారిదా, వస్తువుదా, కంపెనీదా? పత్రములో దానికి కంపెనీ యిచ్చుకొన్న యర్థము చదివినగాని తెలియదు.

ఇందువలన మాకు తోచిన దేమనగా, పెద్ద యంకెకంటె స్పష్టమైన చిన్న యంకె మేలు. చిన్న మేస్త్రీ పదేండ్లకు పూచీపడుట న్యాయము కాదు, సాధ్యమును కాదు. రెండు వానకాలములకు నిజాయితీగా వ్రాసియిచ్చు మేస్త్రీ, జీవితాంతము నోటితో చెప్పు వర్తకునికంటె నమ్మదగినవాడు.

సొమ్ము చేతులు మాఱకముందు

బేరము కుదిరిన తరువాత, సొమ్మిచ్చుటకు ముందు, నీ పనులు చేసికొనవలెను.

ఒకటి: సరియైన బిల్లు పుచ్చుకొనుట. "బిల్లు లేకపోతే పన్ను మిగులుతుందమ్మా" అను మాటకు లోబడరాదు. మిగులు పన్ను స్వల్పము. పోవు పూచీ సమస్తము. బిల్లు ఇయ్యకుండుటయే చట్టప్రకారము అనుచిత వ్యాపారము.

రెండు: ప్రయోజనము చెప్పి కొనుట. "మాది సముద్రమునకు దగ్గఱి యిల్లు, ఉప్పుగాలికి నిలుచునా?" యని యడిగి, జవాబు బిల్లుపై వ్రాయించుకొనుట.

మూడు: మచ్చు ఉంచుకొనుట. చూపిన పలక, రంగు, రేకుముక్క యొకటి తేదీ వేసి దాచుకొన్నచో, వచ్చిన సరకుతో పోల్చవచ్చును. మచ్చు చూపి యమ్మినపుడు సరకంతయు మచ్చువలె నుండవలెనని చట్టమే చెప్పుచున్నది.

నాలుగు: ఐ.యస్.ఐ. ముద్రను, దాని క్రిందనో ప్రక్కనో నుండు లైసెన్సు సంఖ్యను చూచుకొనుట. బి.ఐ.యస్. కేర్ అను నాప్ ద్వారా ఆ సంఖ్య నిజమో కాదో ఫోనులోనే తెలిసికొనవచ్చును.

ఐదు: పని పూర్తికాకముందు మొత్తము సొమ్ము ఇయ్యకుండుట. డాబాపూత యైనచో గొట్టములు మూసి, ఒక దినము, వీలైనచో రెండు దినములు నీరు నిలిపి, క్రింది గదిలో చెమ్మ లేదని చూచిన పిదపనే కడపటి భాగము చెల్లింపవలెను.

ఆఱు: కాగితములను కాపాడుట. కొన్ని దుకాణముల నున్నని బిల్లులపై యక్షరములు ఏడాది తిరుగకముందే వెలిసిపోవును. ఆ దినమే నకలు తీయించి, ఫోనులో చిత్రము తీసి, ఇంటి పన్ను రసీదులతోపాటు నొకే సంచిలో నుంచవలెను. కంపెనీవారు పేరు నమోదు చేసికొమ్మని యుండినచో నదియు ఆ దినమే చేయవలెను.

పిన్నిగారు వ్రాయించిన పంక్తుల యర్థ మిది: "ఈ డాబాకు మేము వేసిన పూతకు, సరకునకును కూలికిని, ఈ తేదీ మొదలు పదేండ్ల వఱకు మాదే పూచీ. నీరు కారినట్లు తెలిపిన పదునైదు దినములలో వచ్చి, మా ఖర్చుతో మఱల చేయుదుము." క్రింద పేరు, సంతకము, ముద్ర, తేదీ. ఇందు ఏమి, ఎంతకాలము, ఎన్నినాళ్లలో, ఎవరి ఖర్చుతో నను నాలుగును వచ్చినవి. ఈ నాలుగు ప్రశ్నలును జ్ఞప్తియందుంచుకొన్నచో ఏ పనికైనను మీరే వ్రాయించుకొనగలరు.

చట్టము మన పక్షమున నేమి చెప్పుచున్నది?

1930 నాటి సరకుల విక్రయ చట్టము ఇప్పటికిని అమలులో నున్నది. కొనువారు తమ యవసరమును తెలిపి, అమ్మువాని నేర్పును నమ్మి కొన్నపుడు, ఆ సరకు ఆ యవసరమునకు తగియుండవలెనని యందున్నది. కంపెనీ పేరు చెప్పి ఫలానాదియే కావలెనని మనమే యడిగి కొన్నచోట నీ రక్షణ సన్నగిల్లును. పైని రెండవ సూచన యిందుకే చెప్పితిమి.

1986 డిసెంబరు 24వ తేదీని వినియోగదారుల రక్షణ చట్టమునకు ఆమోదము లభించినది. దానికి మాఱుగా 2019లో క్రొత్తచట్టము చేయబడి, 2020 జూలై 20 మొదలు అమలునకు వచ్చినది. గృహిణులు దాని నుండి ముఖ్యముగా నెఱుగవలసినవి యివి. నోటితో చెప్పినను, వ్రాసి చెప్పినను, ప్రకటన వేసినను, అబద్ధపు పూచీ అనుచిత వ్యాపారమే. నోటిమాటను చట్టము త్రోసివేయలేదు. ఋజువు మాత్ర మడుగును. వ్రాతపూచీ యిచ్చిన తయారీదారు వస్తువు వలన కలిగిన హానికి, తాను అజాగ్రత్తగా లేనని ఋజువు చేసికొన్నను, బాధ్యత తప్పించుకొనజాలడు. మోసపు ప్రకటనలకు కేంద్ర ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వఱకు జరిమానా వేయవచ్చును.

"బిల్లు మావారి పేర నున్నది, మే మేమి చేయగల"మని కొందఱు సోదరీమణులనుట విన్నాము. కొన్నవారి యనుమతితో వస్తువును వాడుకొనువారును, సేవవలన మేలు పొందువారును చట్టము దృష్టిలో వినియోగదారులే. ఆ గృహమున వసించు గృహిణి ఫిర్యాదు చేయ నర్హురాలు. వస్తువును విశాఖపట్టణమున కొన్నను, హైదరాబాదున కొన్నను, మనము కాపురమున్న జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. శ్రీకాకుళమునందును విజయనగరమునందును జిల్లా వినియోగదారుల కమిషనులు కలవు. చెల్లించిన సొమ్ము 50 లక్షలకు మించనిచో జిల్లా కమిషనే వినును. 5 లక్షల వఱకు రుసుము లేదు. వకీలును పెట్టుకొని తీరవలెనను నియమము లేదు; మన మాట మనమే చెప్పికొనవచ్చును.

గడువు రెండేండ్లు. నష్టము బయటపడిన నాటినుండి ఆ లెక్క. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో క్షమింతురు గాని, "రేపు రమ్మన్నాడు" అనునది గట్టి కారణము కాదు. మేము పోగొట్టుకొన్న దిచ్చటనే.

ఇల్లు కారిన దినమున

కారిన దినముననే తేదీతో చిత్రములు తీయవలెను. బాగుచేయించుటకు ముందు అమ్మినవారికి తెలుపవలెను. ఇతరుల చేయి పడినచో పూచీ పోయినదందురు. ఫోనులో నెన్ని మాట్లాడినను, పిమ్మట నొక యుత్తరము వ్రాసి, అందినట్లు ఋజువు దొరకునట్లుగా స్పీడుపోస్టులో పంపవలెను. అందు కోపపు మాటలు వలదు: కొన్న తేదీ, ఇచ్చిన సొమ్ము, చెప్పిన పూచీ, జరిగిన నష్టము, మన కోరిక, పదునైదు దినముల గడువు, ఇంతే చాలును. బదులు రానిచో 1915 అను నెంబరునకు ఫోను చేయవలెను. అది జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము, తెలుగులోనే చెప్పుకొనవచ్చును. చాల తగవు లక్కడనే తీరును. తీరనిచో జిల్లా కమిషను. 2025 జనవరి 1 మొదలు "ఈ-జాగృతి" యను క్రొత్త యేర్పాటు ద్వారా ఇంటనుండియే ఫిర్యాదు దాఖలు చేయ వీలు కలిగినది. మూడు నెలలలో తీర్పు చెప్పుటకు యత్నింపవలెనని చట్టమున్నను, ఆచరణలో నంతకంటె నెక్కువ కాలము పట్టుచుండును. ఓపిక యుండవలెను.

కడపటి మాట

వ్రాసి యిమ్మని యడుగుట అవమానపఱచుట కాదా యని మా మనస్సున నున్న సంకోచమే మీకును గలుగవచ్చును. మన పెద్దలు ఆడపడుచునకు పసుపుకుంకుమలక్రింద నిచ్చిన పొలమునకు గూడ కాగితము వ్రాసిరి. అన్నదమ్ములయం దపనమ్మకము చేత కాదు. తాము పోయిన పిదపను మాట నిలువవలెనని. నిజాయితీ గల వర్తకునకు వ్రాతవలన నష్టము లేదు. పైగా వ్రాయనొల్లని పోటీదారునకును తనకును గల భేదము లోకమునకు తెలియును. వ్రాయుటకు వెనుదీయువాడు తన మాట విలువను తానే చెప్పుచున్నాడు.

నేడు మా యత్తగారి మంచము మఱల కిటికీ ప్రక్కకు వచ్చినది. ఈమాఱు మేస్త్రీ మూడు వానకాలములకు మాత్రమే పూచీ పడెను. వ్రాసి సంతకము చేసి యిచ్చెను. ఆ కాగితమును ఆదిపర్వపు పుటలలో, శకుంతల సభకు వచ్చిన ఘట్టముకడ నుంచితిమి. వాన పట్టినపుడు అత్తగారు కప్పువంక చూచి, "కాగితం భద్రమేనా అమ్మా?" అని యడుగుచుందురు. భద్రమే యని చెప్పి, నకలొకటి పొరుగింటి పిన్నిగారి పెట్టెలోను ఉంచితిమి.